కప్పబడే పనికి సాక్షి: నిర్మాణరంగంలో పట్టభద్ర ప్రాజెక్టు నిర్వాహకుని దినచర్య

వ్యాససంగ్రహం

సివిల్ ఇంజనీరింగు పట్టాతో నిర్మాణక్షేత్రంలో అడుగుపెట్టే యువ ప్రాజెక్టు నిర్వాహకుడు రోజంతా చేసే పని ఏమిటి? ఆ పనుల వెనుక ఉన్న శాస్త్రం, చట్టం, భాష ఎలాంటివి? ఈ ప్రశ్నలకు వివరణ ఇవ్వడం ఈ వ్యాసం లక్ష్యం. ఉదయపు హాజరు మొదలు సాయంత్రపు దినచర్య పుస్తకం వరకు ఒక్కొక్క విధిని తీసుకొని, భారతీయ ప్రమాణాల్లోని అంశాలను, చిన్న లెక్కలను జోడించి ఇందులో పరిశీలించాను. నిర్మాణంలో అత్యధిక భాగం కప్పబడిపోయే పని కాబట్టి, దానికి సాక్షిగా నిలవడమే ఈ ఉద్యోగి ప్రధాన బాధ్యత అని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: నిర్మాణ నిర్వహణ, కాంక్రీటు, నిర్ణాయక మార్గం, కొలతల పుస్తకం, కార్మిక భద్రత, వృత్తిపదాలు.

1. ఉపోద్ఘాతం

ధవళేశ్వరం ఆనకట్ట (1847–1852) అనగానే సర్ ఆర్థర్ కాటన్ గుర్తుకు వస్తాడు. నాగార్జునసాగర్ అనగానే 1955 డిసెంబరు 10న జరిగిన శంకుస్థాపన గుర్తుకు వస్తుంది. ఇవి చరిత్రకు ఎక్కిన పేర్లు, తేదీలు. అయితే ఆ కట్టడాల్లో ప్రతి రాతివరుసనూ ఎవరో ఒకరు కొలిచారు. ప్రతి కూలీ హాజరునూ ఎవరో ఒకరు రాసుకున్నారు. సున్నం పాళ్లు సరిగా కలిశాయో లేదో ఎవరో ఒకరు నిలబడి చూశారు. ఈ పని ప్రాజెక్టు చరిత్రల్లో కనిపించదు. కాని కట్టడం నిలిచిందంటే దాని వల్లనే.

నేడు ఆ పని ప్రధానంగా పట్టభద్రులైన యువ ఇంజనీర్ల చేతుల్లో ఉంది. శిక్షణ ఇంజనీరు, సైటు ఇంజనీరు, ప్లానింగు ఇంజనీరు, సహాయ ప్రాజెక్టు మేనేజరు అని సంస్థను బట్టి హోదా మారుతుంది కాని, తొలి సంవత్సరాల్లో చేసే పని స్వభావం దాదాపు ఒక్కటే. కళాశాలలో వారు దూలం మోయగల బరువును లెక్కించడం నేర్చుకుంటారు. క్షేత్రంలో మొదటి రోజున ఎదురయ్యే ప్రశ్నలు వేరు. రేపటికి ఎంతమంది కావాలి? కంకర ఎప్పుడు వస్తుంది? ఈ ఇనుము చూశారా? సంతకం పెట్టారా? ఈ ప్రశ్నలకు పాఠ్యపుస్తకంలో జవాబు దొరకదు.

సౌలభ్యం కోసం ఈ వ్యాసంలో ‘నిర్వాహకుడు’ అనే పదాన్ని వాడుతున్నాను. అది స్త్రీపురుషులిద్దరికీ వర్తిస్తుంది. ఉదాహరణల్లోని లెక్కలు వివరణ కోసం కల్పించుకొన్నవి. పరిమితులు మాత్రం భారతీయ ప్రమాణాల నుండి గ్రహించినవి.

2. పదవి – పరిధి

ఏ నిర్మాణంలోనైనా కనీసం మూడు పక్షాలు ఉంటాయి: పని చేయించుకొనే యజమాని, నమూనాలు గీసి పర్యవేక్షించే సలహాదారు, పని చేసే గుత్తేదారు. గుత్తేదారు కింద మళ్లీ సెంట్రింగు, ఇనుము, తాపీ, మట్టి పనుల మేస్త్రీలు ఉంటారు. పట్టభద్ర నిర్వాహకుడు ఈ మూడు పక్షాల్లో ఏదో ఒకదాని ఉద్యోగే అయినా, రోజూ మిగిలిన అందరితోనూ వ్యవహరించాలి. వారి మధ్య సంబంధాన్ని నిర్దేశించేది ఒప్పందం. గడువు ఒప్పందానికి ప్రాణం వంటిదైనప్పుడు ఆలస్యం వల్ల కలిగే ఫలితాలను 1872 నాటి భారత ఒప్పందాల చట్టంలోని 55వ సెక్షను, నష్టపరిహారాన్ని 73, 74 సెక్షన్లు వివరిస్తాయి. కాబట్టి క్షేత్రంలో ఒక్క రోజు జారిపోవడమంటే అందులో న్యాయపరమైన అంశం కూడా ఉంటుంది.

కాలం, వ్యయం, నాణ్యత అనే మూడింటినీ సమన్వయం చేయడమే నిర్వహణ అని సాధారణంగా నిర్వచిస్తారు. వీటిలో ఒకదాన్ని బిగిస్తే మరొకటి వదులవుతుంది. వీటి సరసన భద్రతను నాలుగోదిగా చేర్చడం సరికాదు. మొదటి మూడింటి విషయంలో బేరం ఉంటుంది, నాలుగోదాని విషయంలో ఉండకూడదు. ఈ తేడాను రోజూ పాటించడం ఎంత కష్టమో రానున్న విభాగాల్లో తెలుస్తుంది.

3. ఉదయం: హాజరు – భద్రత

నిర్వాహకుడు కూలీల కంటే ముందే క్షేత్రానికి చేరాలి. రాత్రి వాన పడితే గుంతల్లో నీరు నిలిచిందా, తవ్విన అంచులు విరిగిపడ్డాయా, పరంజా కట్లు వదులయ్యాయా అన్నవి జనం దిగకముందే చూడవలసిన విషయాలు. ఒక ఘనమీటరు మట్టి సుమారుగా ఒకటిన్నర టన్నులకు పైగా తూగుతుంది. మనిషెత్తు కందకంలో అంచు జారితే లోపలి మనిషికి తప్పుకొనే వ్యవధి ఉండదు. అందుకే లోతైన కందకాలకు పక్క ఊతాలు కట్టాలనీ, తవ్విన మట్టిని అంచుకు దూరంగా పోయాలనీ ప్రమాణాలు చెబుతాయి.

తరువాతది హాజరు. ‘మస్టరు’ అని మన క్షేత్రాల్లో వాడే ఈ పట్టికలో కేవలం తలల లెక్క సరిపోదు. వృత్తుల వారీగా లెక్క కావాలి. పన్నెండుమంది సెంట్రింగు పనివారు వచ్చి, ఇనుము కట్టేవారు నలుగురే వస్తే, మధ్యాహ్నానికి పలకలు సిద్ధమైనా పని ఆగిపోతుంది. అడ్డా మీద నుండి ఆ పూట తెచ్చుకొన్న కూలీకి ఏ పని చేతనవునో విచారించకుండా ఎత్తు మీదకు పంపకూడదు. హాజరు తరువాత ఐదు పది నిమిషాలు ఆనాటి పనిలోని ప్రమాదాలను గురించి మాట్లాడడం మంచి క్షేత్రాల్లో ఆచారం. ఏ అంచుకు కంచె లేదో, ఏ తీగలో కరెంటు ఉందో, క్రేను ఏ దిక్కుకు తిరుగుతుందో పేరు పెట్టి చెప్పాలి. ‘జాగ్రత్తగా ఉండండి’ అన్న మాట ఒక్కటే చెబితే ఏమీ చెప్పనట్లే.

భవన, ఇతర నిర్మాణ కార్మికుల కోసం 1996లో పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసింది. దాని అనుబంధ చట్టం ప్రకారం నిర్మాణ వ్యయంపై 1 శాతం సుంకం వసూలుచేసి సంక్షేమ నిధికి జమచేసే పద్ధతి ఏర్పడింది. ఆ నిధి నుండి సహాయం అందాలంటే కార్మికుని పేరు నమోదై ఉండాలి. పేరు, ఊరు, వయస్సు సరిగా రాయని హాజరుపట్టిక ప్రమాదం జరిగిన నాడు ఒక కుటుంబానికి ఆధారం లేకుండా చేయగలదు.

ఇది తెలుగువారికి దూరపు విషయం కాదు. పాలమూరు నుండి మట్టి, రాతి పనులకు దేశమంతా వెళ్లిన కూలీల చరిత్ర మనకు తెలిసిందే. 2014 జూన్ 28న చెన్నై శివారు మౌలివాక్కంలో నిర్మాణంలో ఉన్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది మరణించారు. వారిలో శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుండి వెళ్లిన కూలీలు అనేకులు. క్షేత్రంలో లోపం కాగితం మీద ఒక గీతగా మొదలైనా, దాని ఫలితం ఎక్కడో ఒక ఊరిలో అనుభవానికి వస్తుంది.

4. కాంక్రీటుకు ముందు: చివరి చూపు

నిర్వాహకుని రోజులో అతి ముఖ్యమైన ఘట్టం కాంక్రీటు పోయడానికి ముందు చేసే తనిఖీ. ఇనుము కాంక్రీటులో మునిగాక దాన్ని మళ్లీ ఎవరూ చూడలేరు. కాబట్టి ఆ కొద్ది గంటల్లో చూసినదే శాశ్వతమైన చూపు.

తనిఖీలో వరుస ఉంటుంది. మొదట సెంట్రింగు: పలకల మట్టం, అతుకుల బిగువు, ప్రాపుల కింద నేల గట్టిదనం. తడి కాంక్రీటు ఘనమీటరుకు సుమారు రెండున్నర టన్నులు తూగుతుంది, 150 మి.మీ. మందపు స్లాబు ప్రతి చదరపు మీటరుకు సుమారు 375 కిలోల భారాన్ని ప్రాపుల మీద మోపుతుంది. మెత్తని మట్టి మీద ఇటుకముక్క ఆనించి నిలబెట్టిన ప్రాపు ఆ భారానికి దిగిపోతుంది. తరువాత ఇనుము: చువ్వల సంఖ్య, మందం, ఎడం, అతుకుల పొడవు, రింగుల కొక్కేలు. ఆపైన కవరు, అంటే ఇనుముకూ కాంక్రీటు బయటి తలానికీ మధ్య దూరం. ఐ.ఎస్. 456 ప్రకారం పునాదులకు ఇది కనీసం 50 మి.మీ.; స్తంభాలకు సాధారణంగా 40 మి.మీ. తగ్గకూడదు. కవరు తగ్గితే తేమ, ఉప్పు గాలి త్వరగా ఇనుమును చేరుతాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును పగలగొడుతుంది. కోస్తా పట్టణాల్లో పాత కట్టడాల బాల్కనీల అడుగున పెచ్చులూడి ఎర్రని చువ్వలు కనిపించడానికి ఇదొక ప్రధాన కారణం.

కవరు నిలబెట్టే సాధనం చిన్న సిమెంటు దిమ్మ. దాని ఖరీదు స్వల్పం. అది లేనిచోట కూలీలు కంకరరాయిని దోపుతారు. కాంక్రీటు పోసేటప్పుడు అది జారిపోతుంది. అంత చిన్న దిమ్మ కోసం పనిని అరగంట ఆపాలా అని మేస్త్రీ అడుగుతాడు. ఆపాలి అనడానికి కారణం చెప్పగలగడమే పట్టభద్రునికి చదువు ఇచ్చిన బలం. ఈ తనిఖీలన్నీ నమోదయ్యే చీటీని క్షేత్రంలో ‘పోర్ కార్డు’ అంటారు. సెంట్రింగు, ఇనుము, విద్యుత్తు గొట్టాలు, మట్టం అన్నింటికీ వేర్వేరు సంతకాలు పడిన తరువాతే కాంక్రీటు బండి రావాలన్నది నియమం. బండి గేటు దగ్గర నిలబడిన తరువాత సంతకాలు చేయడం దురభ్యాసం. అప్పుడు చీటీ మిగులుతుంది, తనిఖీ మిగలదు.

5. కాంక్రీటు వేళ: వంద లీటర్ల నీరు

క్షేత్రంలో అతి తరచుగా ఎదురయ్యే పరీక్ష నీటిది. బండి ఆలస్యమైనా, ఎండ ఎక్కువైనా కాంక్రీటు బిగుసుకుపోతుంది, పంపులో కదలదు. సిద్ధమిశ్రమ కాంక్రీటును కలిపిన 2 గంటల లోపల దించుకోవాలని ఐ.ఎస్. 4926 సూచిస్తుంది. నగరపు రద్దీలో చిక్కుకొన్న బండి ఆ గడువు దగ్గరపడ్డాకే చేరుతుంది. అప్పుడు వినిపించే మాట: ‘కొంచెం నీళ్లు కొట్టండి సార్, జారుతుంది.’

ఆ ‘కొంచెం’ ఎంతో లెక్కిద్దాం. ఒక ఘనమీటరు మిశ్రమంలో 320 కిలోల సిమెంటు, 160 లీటర్ల నీరు ఉన్నాయనుకుందాం. నీటి–సిమెంటు నిష్పత్తి 0.50. మధ్యస్థ వాతావరణ తీవ్రతకు లోనయ్యే ఇనుపకాంక్రీటుకు ఐ.ఎస్. 456 అనుమతించే గరిష్ఠ పరిమితి ఇదే. బండిలో 6 ఘనమీటర్లు ఉంటే మొత్తం సిమెంటు 1,920 కిలోలు, నీరు 960 లీటర్లు. ఇందులో 100 లీటర్ల నీరు చేర్చితే నీరు 1,060 లీటర్లవుతుంది, నిష్పత్తి 0.55కు చేరుతుంది. అంటే ఒక్క గొట్టపు ధారతో పరిమితి దాటిపోయింది. నిష్పత్తి పెరిగేకొద్దీ బలం తగ్గుతుందని డఫ్ ఏబ్రమ్స్ 1918లోనే నిరూపించాడు. సిమెంటుతో కలియని నీరు ఆవిరైపోయి సూక్ష్మరంధ్రాలను మిగులుస్తుంది. బలహీనతకూ, తుప్పుకూ దారి అదే.

కాబట్టి నిర్వాహకుడు చేయవలసినవి మూడు. బండి చీటీలో బయలుదేరిన సమయం చూడాలి. 300 మి.మీ. ఎత్తుగల శంకువుతో స్లంపు పరీక్ష చేయించాలి. జారుడు చాలకపోతే, నిర్దేశించిన రసాయన ద్రావకాన్ని బాధ్యుడైన నాణ్యతాధికారి అనుమతితో, కొలిచి మాత్రమే కలపాలి. అప్పటికీ పనికిరాకపోతే బండిని వెనక్కు పంపాలి. బండి ఖరీదు వేల రూపాయల్లో ఉంటుంది కాబట్టి, పంపించిన వాడికి ఆ సాయంత్రం చీవాట్లు తప్పకపోవచ్చు. ఒత్తిడి ఉండేది సరిగ్గా ఇక్కడే.

ఘనపు దిమ్మలతో చేసే పరీక్ష ఈ నష్టాన్ని తరువాత పట్టుకుంటుంది కదా అనవచ్చు. ఐ.ఎస్. 456 ప్రకారం 60 ఘనమీటర్ల కాంక్రీటుకు 5 నమూనాలు తీయాలి. ఒక్కొక్క నమూనా నుండి 28వ రోజు పరీక్షకు 150 మి.మీ. దిమ్మలు మూడేసి చొప్పున 15 పోయాలి. కాని 28వ రోజుకు ఆ స్లాబు మీద మరో అంతస్తు లేస్తుంది. పైగా నమూనాను నీరు చేర్చక ముందే తీసి ఉంటే, దిమ్మ నిజం చెప్పదు. పరీక్ష అన్నది జాగ్రత్తకు తోడు మాత్రమే. జాగ్రత్తకు బదులు కాదు.

పోసిన తరువాత తడపడం మొదలవుతుంది. సాధారణ సిమెంటుకు కనీసం 7 రోజులు, మిశ్రమ సిమెంట్లకూ వేడి వాతావరణంలోనూ కనీసం 10 రోజులు తడి ఆరకుండా చూడాలి. గాలి ఉష్ణోగ్రత 40 డిగ్రీల సెల్సియస్ దాటితే దాన్ని వేడి వాతావరణపు కాంక్రీటుగా ఐ.ఎస్. 7861 పరిగణిస్తుంది. రెంటచింతల, రామగుండం వంటి చోట్ల మే నెల మధ్యాహ్నాలు ఈ హద్దును తరచుగా దాటుతాయి. అందుకే ఆ రోజుల్లో పోతను తెల్లవారుజాముకో సాయంత్రానికో మార్చుకుంటారు. అది కాంక్రీటుకూ మేలు, దాన్ని మోసే మనిషికీ మేలు.

6. కాలాన్ని చదవడం: నిర్ణాయక మార్గం

మధ్యాహ్నం కార్యాలయంలో కూర్చొని చేసే పని కాలపట్టికను సరిచూడడం. హెన్రీ గాంట్ 1910ల్లో ప్రచారంలోకి తెచ్చిన గీతల పట్టిక నేటికీ గోడల మీద కనిపిస్తుంది. పనుల మధ్య ఆధారపడే సంబంధాన్ని లెక్కించే నిర్ణాయక మార్గ పద్ధతి 1950ల చివర అమెరికాలో రూపొందింది.

ఒక చిన్న కల్వర్టును తీసుకుందాం. పునాదికి 8 రోజులు, గోడలకు 10, పైస్లాబుకు 9, ప్రాపులు తీయడానికి ముందు వేచి ఉండవలసిన కాలం 14, చివర ఇరువైపులా మట్టి పనికి 5. ఇవి ఒకదాని తరువాత ఒకటి జరగాలి. మొత్తం 46 రోజులు. పక్కనే రక్షణ దిమ్మెలను విడిగా పోయడానికి 15 రోజులు పడుతుంది. వాటి అవసరం 41వ రోజు తరువాతే. కాబట్టి మొదటి రోజే మొదలుపెడితే వాటికి 26 రోజుల వెసులుబాటు ఉంది. దిమ్మెల పని వారం ఆలస్యమైనా గడువు కదలదు. గోడల పని ఒక్క రోజు ఆలస్యమైతే గడువు ఒక రోజు జరుగుతుంది. మొదటి రకం ఆలస్యానికి ఆందోళన పడకుండా, రెండో రకాన్ని వెంటనే గుర్తించడమే ఈ విద్య.

ఈ పట్టికలో ఒక ప్రమాదకరమైన గడి ఉంది: ఆ 14 రోజుల నిరీక్షణ. 4.5 మీటర్లకు మించిన వ్యవధి గల స్లాబుకు ప్రాపులను 14 రోజులకు ముందు తీయరాదని ఐ.ఎస్. 456 సాధారణ నియమం. ఆ రోజుల్లో అక్కడ ఎవరూ పని చేస్తున్నట్లు కనిపించదు. ఆలస్యాన్ని పూడ్చుకోవాలని చూసే వారి దృష్టి ముందుగా పడేది దాని మీదే. మేస్త్రీకి కూడా ఆ పలకలు మరోచోట కావాలి. కాని అప్పుడు పని చేస్తున్నది కాంక్రీటే. కాగితం మీద ఖాళీగా కనిపించే కాలాన్ని కాపాడడం నిర్వాహకుని విధి.

ఋతువు మరొక షరతు. నదిలో పునాదులకు రెండు వానాకాలాల మధ్య కాలమే దొరుకుతుంది. జూన్ వరదలు రాకముందు స్తంభం నీటిమట్టాన్ని దాటి లేవకపోతే, నష్టం రెండు వారాలతో పోదు. పని తరువాతి ఎండాకాలం దాకా ఆగవచ్చు. కోస్తాలో అక్టోబరు, నవంబరు తుపానులను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

7. కొలత – విలువ

జరిగిన పనిని కొలిచి రాయడం మరో ప్రధాన విధి. ప్రభుత్వ పనుల్లో ‘ఎం బుక్కు’ అని పిలిచే కొలతల పుస్తకం చెల్లింపులకు మూలాధారం. దాని పుటలకు వరుస సంఖ్యలుంటాయి, పుట చించకూడదు, తప్పు పడితే చెరిపివేయకుండా కొట్టివేసి పక్కన సంతకం చేయాలి. కొట్టివేసిన అంకె కూడా చదవడానికి వీలుగా ఉండాలి. తాళపత్ర ప్రతుల్లో లేఖక దోషాలను పరిశీలించే పరిశోధకులకు ఈ నియమంలోని అంతరార్థం సులభంగా బోధపడుతుంది: దిద్దుబాటు చరిత్ర కూడా పాఠంలో భాగమే.

ఇనుమును పొడవుతో కొలిచి బరువుగా మారుస్తారు. చువ్వ వ్యాసాన్ని మిల్లీమీటర్లలో తీసుకొని వర్గం చేసి 162తో భాగిస్తే మీటరుకు కిలోలు వస్తాయి. 16 మి.మీ. చువ్వకు ఇది సుమారు 1.58 కిలోలు. ఇలా కొలిచినది బిల్లవుతుంది. బిల్లు కదిలితే మేస్త్రీకి డబ్బు అందుతుంది. అప్పుడే కూలీకి వారపు ఖర్చీ దక్కుతుంది. కొలత రాయడం నాలుగు రోజులు వాయిదా పడితే, ఆ ఆలస్యం చివరికి కూలీ వంటింటిదాకా చేరుతుంది.

నెలాఖరు నివేదికలో మరో లెక్క ఉంటుంది. నెలలో 40 లక్షల రూపాయల విలువైన పని జరగాలని ప్రణాళిక. జరిగిన పని విలువ 32 లక్షలు. అయిన ఖర్చు 36 లక్షలు అనుకుందాం. ప్రణాళికతో పోల్చితే పురోగతి 0.80, ఖర్చుతో పోల్చితే ఫలితం 0.89. ఖర్చును మాత్రమే చూసిన వారు 40 లక్షలకు 36 లక్షలే అయిందని సంతోషిస్తారు. నిజానికి పని వెనుకబడింది, వ్యయమూ మించింది. ఈ రెండు అంకెలను కప్పిపుచ్చకుండా పై అధికారి ముందు పెట్టడం యువ ఉద్యోగికి మొదటి నైతిక పరీక్ష.

8. క్షేత్రభాష: కాగితానికీ కూతకూ మధ్య

నమూనాలూ, ఒప్పందాలూ, ప్రమాణాలూ ఆంగ్లంలో ఉంటాయి. పని జరిగే భాష తెలుగు, హిందీ, ఒడియా, బెంగాలీల కలగలుపు. ఈ రెంటి మధ్య నిలబడిన వాడు పట్టభద్రుడు. క్షేత్రపదాల్లోనే ఎన్నో భాషల చరిత్ర ఉంది. ‘మేస్త్రీ’ పోర్చుగీసు నుండి వచ్చింది. ‘మస్టరు’ ఆంగ్లం. ‘ఖర్చీ’ ఉర్దూ సంపర్కం వల్ల వచ్చింది. ‘సెంట్రింగు’ ఆంగ్లంలో ప్రధానంగా కమాను కింద పెట్టే తాత్కాలిక ఊతం. తెలుగులో అర్థవ్యాకోచం పొంది కాంక్రీటు అచ్చుపని మొత్తానికి పేరైంది. తాపీ, పరంజా, మట్టం, తూకపుగుండు వంటి పాతపదాలు వీటి పక్కన సజీవంగా ఉన్నాయి. 1962లో వ్యవసాయ పదాలతో మొదలైన మాండలిక వృత్తి పదకోశాల కృషి, వాస్తు వృత్తిపదాలను కూడా సేకరించింది. ఇనుపకాంక్రీటు యుగపు పదజాలానికి అలాంటి కృషి నేడు అవసరం.

ఇది కేవలం భాషాభిమానంతో చెప్పే మాట కాదు. నమూనాలో 200 మి.మీ. అని ఉంటే, మేస్త్రీ దాన్ని ఎనిమిది అంగుళాలు అనుకుంటాడు. ఎనిమిది అంగుళాలంటే 203.2 మి.మీ. ఒక్క ఎడంలో తేడా పట్టించుకోదగినది కాదు. 30 ఎడాలు వరుసగా కొలుచుకుంటూ పోతే 96 మి.మీ. తేడా వస్తుంది, అంటే దాదాపు సగం ఎడం. ప్రతి చువ్వనూ ముందరి చువ్వ నుండి కాక, మొదటి గీత నుండి కొలవమని తెలుగులో ఒక్క వాక్యం చెబితే ఈ దోషం పోతుంది. భద్రతా హెచ్చరికలకు ఇది మరింతగా వర్తిస్తుంది. చదవలేని భాషలో రాసిన హెచ్చరిక పలక ఆ కూలీ విషయంలో లేనట్లే.

9. సాయంత్రం: దినచర్య పుస్తకం

పని ముగిశాక ఆనాటి వాతావరణం, హాజరు, వచ్చిన సామగ్రి, నడిచిన యంత్రాలు, పూర్తయిన పని, ఎదురైన ఆటంకాలు, అందిన ఆదేశాలు రాయాలి. నమూనా అందక పని ఆగిందా, భూమి అప్పగించక ఆగిందా, యంత్రం చెడి ఆగిందా అన్నది వేర్వేరుగా నమోదు కావాలి. గడువు పొడిగింపు ఎవరి హక్కు, నష్టం ఎవరి బాధ్యత అన్న ప్రశ్నలు రెండు మూడేళ్ల తరువాత మధ్యవర్తి ముందు లేచినప్పుడు, అప్పటి జ్ఞాపకాల కంటే ఆనాడే రాసిన పేజీకి విలువ ఎక్కువ. నోటిమాటగా వచ్చిన ఆదేశాన్ని ఆ రోజే రాతలో తిరిగి పంపి ధ్రువీకరించుకోవడం మంచి అలవాటు. ‘తొందరగా ప్రాపులు తీసేయండి’ అన్న మాట, ‘మీరు తీయమన్నారు, నియమం ప్రకారం ఇంకా 5 రోజులున్నాయి, దయచేసి రాతపూర్వకంగా తెలుపగలరు’ అనే వాక్యంగా మారినప్పుడు తరచుగా దానంతట అదే వెనక్కు పోతుంది.

అయితే అన్ని సందర్భాల్లోనూ కొత్త ఉద్యోగి ఒంటరిగా నిలబడగలడని ఆశించడం న్యాయం కాదు. జీతం, ఉద్యోగం, అనుభవ ధ్రువపత్రం అన్నీ పై అధికారి చేతిలో ఉంటాయి. అందుకే మంచి వ్యవస్థలో తనిఖీ లేనిదే పని ముందుకు సాగని విరామస్థానాలను ఒప్పందంలోనే రాసిపెడతారు. అప్పుడు పని ఆపింది ఒక వ్యక్తి మొండితనం అనిపించుకోదు, నియమం ఆపినట్లవుతుంది.

10. ముగింపు

పై పరిశీలన నుండి కొన్ని నిర్ధారణలు చేయవచ్చు. పట్టభద్ర ప్రాజెక్టు నిర్వాహకుని పని ప్రధానంగా మూడు పరివర్తనలు: నమూనాను నేల మీదికి, ఆంగ్ల పాఠాన్ని పనివారి భాషలోకి, జరిగిన పనిని నమ్మదగిన రాతలోకి మార్చడం. ఈ మూడింటిలో లెక్కలు సులభమైనవే. సకాలంలో, ఒత్తిడిలో వాటిని చేయడం కష్టం. వంద లీటర్ల నీరు, ఒక సిమెంటు దిమ్మ, ఐదు రోజుల నిరీక్షణ వంటి స్వల్పాంశాలే కట్టడం ఆయుష్షును నిర్ణయిస్తున్నాయి.

కళాశాలల విషయంలో రెండు సూచనలు. ఇంజనీరింగు విద్యార్థుల క్షేత్రశిక్షణలో పోర్ కార్డు, కొలతల పుస్తకం, దినచర్య పుస్తకం రాయించడం తప్పనిసరి చేయాలి. తెలుగు శాఖలూ సివిల్ శాఖలూ కలిసి కాంక్రీటు పనుల తెలుగు పదకోశాన్నీ, సరళమైన భద్రతా సూచనల కరపత్రాలనూ తయారుచేయాలి; అది పరిశోధనకూ ప్రయోజనానికీ సమానంగా పనికివచ్చే అంశం.

స్లాబు మీద నీళ్లు కట్టిన సాయంత్రానికి ఇనుము కనిపించదు, కవరు దిమ్మలు కనిపించవు, వెనక్కు పంపిన బండి జాడ కూడా ఉండదు. ఆ కట్టడంలో కాపురం ఉండేవారు, ఆ వంతెన మీద నడిచేవారు వాటిని ఎన్నడూ చూడరు. వారి తరఫున చూసినవాడు ఒక్కడే. అతడు నిజంగా చూశాడా లేదా అన్నదే ఆ సంతకం విలువ.